మ్యాప్ తలకిందులైంది, రంగులు మారాయి

ప్రశ్న: పైథాన్‌లో గ్రాఫులు గీసే మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లో సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతను ఇమ్‌షో (imshow) కమాండ్‌తో గీస్తే బంగాళాఖాతం తలకిందులుగా వస్తోంది. పైగా మే, జనవరి మ్యాపులు రెండూ ఒకేలా ఎర్రగా కనిపిస్తున్నాయి. డేటా పాడైందా సార్?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: డేటా బాగానే ఉందమ్మా, టెన్షన్ వద్దు. ఇమ్‌షో మొదటి వరసను ఫొటోలాగా పైన పెడుతుంది, మీ ఫైల్లో అక్షాంశాలు దక్షిణం నుంచి ఉత్తరానికి పెరుగుతూ ఉంటే ఆ మొదటి వరస అసలు కింద ఉండాల్సింది కదా, అందుకే తిరగబడింది. ఇమ్‌షోలో ఆరిజిన్ (origin) అనే సెట్టింగ్‌ని 'లోయర్' (lower) చేయండి, సరిపోతుంది.

రంగుల సంగతే అసలు ప్రమాదం. మీరేమీ చెప్పకపోతే ఏ బొమ్మకా బొమ్మ దాని కనిష్ఠం, గరిష్ఠం చూసుకుని రంగులు పంచేస్తుంది, కాబట్టి జనవరిలో 28 డిగ్రీలూ మేలో 31 డిగ్రీలూ ఒకే ఎరుపు కావచ్చు. రంగుల కింది హద్దు వీమిన్ (vmin) 24, పై హద్దు వీమ్యాక్స్ (vmax) 32 అని రెండు మ్యాపులకీ ఒకటే ఇచ్చి, ఏ రంగు ఎన్ని డిగ్రీలో చూపే కలర్‌బార్ పక్కన పెట్టండి. ఎరుపు అంటున్నారంటే 'జెట్' అనే రంగుల వరస వాడుతున్నట్టున్నారు. చూడ్డానికి భలే ఉంటుంది గానీ, లేని గీతలు ఉన్నట్టు చూపిస్తుంది. 2017లో వచ్చిన మ్యాట్‌ప్లాట్‌లిబ్ 2.0 వెర్షన్ నుంచి డిఫాల్ట్‌గా దాని బదులు 'విరిడిస్' అనే రంగుల వరస పెట్టింది ఊరికే కాదు.