ఆయిల్ తగ్గింది సరే, ఎందుకు తగ్గింది?

ప్రశ్న: బైక్ కొని 14 నెలలైంది. వారంటీ ఇంకా ఉంది. మూడో నెల నుంచే ఇంజన్‌లో టకటకమని శబ్దం వచ్చేది. సర్వీసుకు వెళ్లిన ప్రతిసారీ చెప్పాను. 'కొత్త బండి కదా, సెట్ అవుతుంది' అన్నారు. పోయిన వారం దారిలో ఉండగా ఇంజన్ పట్టేసింది. షోరూం వాళ్లు ఇంజన్ విప్పి చూసి, ఆయిల్ తక్కువగా ఉందని, ఒక సర్వీసు 25 రోజులు ఆలస్యంగా చేయించాను కాబట్టి వారంటీ వర్తించదని అంటున్నారు. ఎస్టిమేట్ మీద సంతకం పెడితేనే పని మొదలుపెడతారట. నేను ఈ బండి మీద డెలివరీలు చేసుకుని బతుకుతున్నాను. డబ్బు కట్టాల్సిందేనా? కొత్త బండి ఇమ్మని అడగొచ్చా? లాయరు లేకుండా నేనే కేసు వేసుకోవచ్చా?

జవాబు: ముందుగా ఒక మాట. ఆ ఎస్టిమేట్ మీద ఇప్పుడే సంతకం పెట్టకండి. విప్పిన ఇంజన్ ఏ స్థితిలో ఉందో ఆ స్థితిలోనే ఉండాలి. మీ కేసుకు అసలు సాక్ష్యం అదే.

ఇలాంటి కేసు ఒకటి నా దగ్గరికి ఆలస్యంగా వచ్చింది. ఆయన డబ్బు కట్టి రిపేరు చేయించుకుని, మూడు నెలల తర్వాత బిల్లు పట్టుకుని వచ్చారు. పాత పిస్టన్, సిలిండర్ ఏవని అడిగితే 'వాళ్లే పారేశారండీ' అన్నారు. లోపం తయారీలోనే ఉందని నిపుణుడితో చెప్పిద్దామంటే, ఆయనకు చూపించడానికి ఏమీ మిగల్లేదు. మనిషి చెప్పేది నిజమని తెలిసీ కేసు నిలబెట్టలేకపోయాను. అది ఇప్పటికీ నన్ను బాధపెడుతుంది. మీకు అలా జరగకూడదు.

ఇక షోరూం వాదన చూద్దాం. ఆయిల్ తక్కువగా ఉందన్నది నిజమే కావచ్చు. కానీ ఎందుకు తగ్గింది? ప్యాకింగ్ దగ్గర కారి ఉంటే బండి నిలిపిన చోట నేల మీద మరకలు పడతాయి. కారకుండా తగ్గిందంటే చాలావరకు ఇంజన్ లోపలే కాలిపోతోందని అర్థం. పిస్టన్ రింగులు సరిగ్గా కూర్చోకపోయినా, వాల్వ్ సీళ్లు పాడైనా ఆయిల్ మండే గదిలోకి చేరి, సైలెన్సర్ నుంచి నీలిరంగు పొగగా పోతుంది. అలాంటప్పుడు ఆయిల్ తగ్గడం రోగానికి లక్షణమే తప్ప కారణం కాదు. మీరు ఆయిల్ చూసుకోకుండా నడిపారా, ఇంజనే ఆయిల్ తాగేసిందా? మీ తగాదా అంతా ఈ ఒక్క ప్రశ్న మీదే తేలుతుంది.

జవాబు ఎక్కువగా జాబ్ కార్డుల్లో, అంటే బండి సర్వీసుకు ఇచ్చినప్పుడు షోరూం రాసే కాగితాల్లో దొరుకుతుంది. అన్నీ బయటికి తీసి, కస్టమర్ చెప్పిన ఫిర్యాదు రాసే చోట ఏముందో చదవండి. మీరు 'ఇంజన్ శబ్దం' అని చెబితే వాళ్లు 'జనరల్ చెకప్' అని రాసి ఉండొచ్చు. ఇది చాలాచోట్ల జరిగేదే. ఒక్క కార్డులో శబ్దం గురించి రాసి ఉన్నా మీ చేతికి బలమైన కాగితం దొరికినట్టే. లేకపోతే సర్వీస్ అడ్వైజర్‌కు పంపిన వాట్సాప్ మెసేజ్‌లు, కాల్ వివరాలు, ఫోన్‌లో తీసిన వీడియోలు వెతకండి. ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చారో, మధ్యలో ఎంత పోశారో కూడా బిల్లుల్లో ఉంటుంది.

ఆ 25 రోజుల ఆలస్యాన్ని తేలిగ్గా తీసుకోమని చెప్పను. వారంటీ పుస్తకంలో ఆ షరతు ఏ మాటల్లో ఉందో మీరే చదవండి. సర్వీసు తప్పితే మొత్తం వారంటీ పోతుందని ఉందా, సర్వీసు చేయించనందువల్ల వచ్చిన నష్టానికి వర్తించదని ఉందా? రెండింటికీ చాలా తేడా ఉంది. రెండో రకమైతే, ఆ ఆలస్యం వల్లే ఇంజన్ పట్టేసిందని షోరూం చూపించాలి. మూడో నెలలో మొదలైన శబ్దానికి ఆ తర్వాత జరిగిన ఆలస్యం కారణం ఎలా అవుతుందని మీరు అడగొచ్చు. షరతు రెండు అర్థాలకు తావిస్తుంటే, దాన్ని రాసిన పక్షానికి వ్యతిరేకంగా అర్థం చెప్పుకోవడం న్యాయసూత్రం.

అందుకే నోటిమాటలు వద్దు. షోరూంకు, కంపెనీ కస్టమర్ కేర్‌కు ఒకే ఈమెయిల్ పెట్టండి. ఏ షరతు కింద వారంటీ నిరాకరిస్తున్నారో దాని నంబరుతో సహా రాతపూర్వకంగా ఇమ్మనండి. విప్పిన భాగాలు, ఇంజన్‌లోంచి తీసిన ఆయిల్ భద్రపరచమని, మీకు తెలియజేయకుండా ఏదీ మార్చవద్దని రాయండి. తర్వాత స్వయంగా వెళ్లి ఫొటోలు తీసుకోండి. పిస్టన్ పక్కల నిలువు గీతలు, సిలిండర్ లోపలి గోడ, క్రాంక్ బేరింగ్, ఆయిల్ పంపు, ఇంజన్ నంబరు, మీటర్ రీడింగ్ అన్నీ స్పష్టంగా పడాలి.

వీలైతే ఇంజనీరింగ్ కాలేజీలో ఆటోమొబైల్ విభాగం అధ్యాపకుణ్ణి గానీ, వాహనాల నష్టాన్ని అంచనా వేసే స్వతంత్ర సర్వేయర్‌ను గానీ తీసుకెళ్లి నివేదిక రాయించండి. ఆయన వచ్చే తేదీ షోరూంకు ముందే తెలియజేయండి. లేకపోతే మాకు తెలియకుండా చేయించారని తర్వాత అంటారు. తెలిసిన మెకానిక్ రాసిచ్చిన చీటీతో పని జరగదు.

కేసు వేయొచ్చా అంటే, తప్పకుండా వేయొచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం ఇంజన్ నాణ్యతలో లోపం, వారంటీ సేవలో లోపం రెండూ ఫిర్యాదుకు తగినవే. డెలివరీలకు వాడుతున్నారు కాబట్టి ఇది వ్యాపార అవసరమని, అలా కొన్నవారికి ఈ చట్టం వర్తించదని ఎదుటివాళ్లు వాదిస్తారు. స్వయం ఉపాధితో పొట్ట పోసుకోవడానికి కొన్న వస్తువును చట్టం ఆ మినహాయింపులో చేర్చలేదు. ఇల్లు నడిచేది ఈ బండి మీదేనని ఫిర్యాదులో స్పష్టంగా రాయండి.

షోరూం, తయారీ కంపెనీ ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. డీలర్ చేసిన ప్రతి తప్పుకూ కంపెనీ బాధ్యత వహించదని 2021లో టాటా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒకరినే చేర్చితే తప్పు రెండోవారిదని తప్పించుకునే వీలుంటుంది. ఫిర్యాదుకు గడువు రెండేళ్లు. ఉత్తరప్రత్యుత్తరాలు నడుస్తున్నాయి కదా అని కూర్చోవద్దు, వాటివల్ల గడువు పెరగదు.

లోపం పరీక్ష లేకుండా తేలదనుకుంటే, మీ ఫిర్యాదు వినే వినియోగదారుల కమిషనే తగిన ల్యాబొరేటరీకి పంపిస్తుంది. దాని ఫీజు ముందుగా మీరు కట్టాల్సి ఉంటుంది. ఈలోగా భాగాలను భద్రపరచమని మధ్యంతర ఉత్తర్వు, అంటే తుది తీర్పుకు ముందే ఇచ్చే ఆదేశం కోరండి.

కొత్త బండి విషయంలో మీకు లేనిపోని ఆశ పెట్టలేను. లోపం ఉన్న భాగాన్ని మారుస్తామని మాత్రమే వారంటీలో ఉంటే, మొత్తం వాహనాన్ని మార్చమని ఆదేశించడం సరికాదని 2006లో మారుతి కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. అందువల్ల ఉచితంగా ఇంజన్ బాగుచేయడం లేదా మార్చడం, పని పోయిన రోజులకు పరిహారం, కేసు ఖర్చులు అడగండి. అదే మీ ప్రధాన కోరికగా ఉండాలి. బండి మార్పిడిని ప్రత్యామ్నాయంగా చేర్చండి. తయారీ లోపమని నివేదిక గట్టిగా చెబితే దానికీ తలుపు తెరుచుకోవచ్చు.

బండి లేక ఇల్లు గడవని పరిస్థితి వస్తే? అప్పుడు డబ్బు కట్టండి. చేసిన పనికి కూలి ముట్టేదాకా బండిని ఆపుకునే హక్కు కాంట్రాక్టు చట్టం 170వ సెక్షన్ రిపేరు చేసినవారికి ఇస్తుంది. అయితే భాగాల తనిఖీ, ఫొటోలు పూర్తయ్యాకే పని మొదలుపెట్టనివ్వండి. 'అభ్యంతరంతో కడుతున్నాను, నా హక్కులు వదులుకోవడం లేదు' అని ముందే మెయిల్ చేయండి. పాత భాగాలు అడిగి తీసుకుని సంచిలో కట్టి దాచండి. డెలివరీ కాగితంలో 'పూర్తిగా సంతృప్తి చెందాను' అని అచ్చు వేసి ఉంటే ఆ వాక్యం కొట్టేసి సంతకం చేయండి.

లాయరు తప్పనిసరి కాదు. మీరు ఉండే చోటు లేదా పనిచేసే చోటు ఉన్న జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. బండికి మీరు చెల్లించిన ధర 5 లక్షల లోపే ఉంటుంది కాబట్టి ఫీజు కూడా లేదు. ఈ-జాగృతి పోర్టల్లో ఆన్‌లైన్‌లో దాఖలు చేయొచ్చు. అంతకుముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. కొన్నిసార్లు కంపెనీ అక్కడే దిగివస్తుంది. నోటీసులు వెళ్లాక ఎదుటి పక్షం 45 రోజుల్లోగా జవాబు దాఖలు చేసుకోవాలి. నిపుణుణ్ణి ప్రశ్నించే దశకు వచ్చినప్పుడు మాత్రం ఒక న్యాయవాదిని పక్కన పెట్టుకుంటే మేలు. ఆ ఖర్చు భరించలేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థలో అడగండి, ఆదాయ పరిమితికి లోబడి ఉచితంగానే న్యాయవాదిని ఇస్తారు.