ఖాళీ చెంబుని నమ్మకు

చి. అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మీ ఆవిడ నిన్న ఫోన్ చేసింది. పాప పురుటికి తను హైదరాబాద్ వెళ్తోందట. జూన్ 12న బడి తెరిచేదాకా అమ్మనీ పెద్దమ్మనీ నువ్వొక్కడివే చూసుకుంటానన్నావట. నా మేనల్లుడు ఆ మాట అన్నందుకు ఎంత పొంగిపోయానో! ఆ తర్వాత రాత్రంతా నిద్ర లేదు. నీకు అమ్మా పెద్దమ్మా కావచ్చు, నాకు మిగిలింది ఆ ఇద్దరు అక్కలేరా. నరసరావుపేట ఎండలు, పైగా రోహిణి కార్తె ముందుంది.

మందులు వారానికి సరిపడా డబ్బాలో సర్దు. బాత్‌రూమ్ దారిలో రాత్రంతా చిన్న బల్బు వెలగనీ. ఏ తేడా వచ్చినా 108కి ఫోన్ చెయ్యి. ఇవన్నీ నీకు తెలిసినవే.

తెలియనిది ఒకటుంది. 2003 మే గుర్తుందా? వడగాడ్పులకి మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా పోయిన ఏడాది. అమ్మమ్మకి వడదెబ్బ తగిలిందని మీ అందరికీ చెప్పాను. అది సగం నిజం. మీ అత్తయ్య పుట్టింటికి వెళ్లింది, మాచర్లలో నేనూ అమ్మా ఉన్నాం. పొద్దున్నే మంచం పక్కన చెంబుతో నీళ్లు పెట్టేవాణ్ణి. సాయంత్రానికి చెంబు ఖాళీ. బాగా తాగుతోందని నిశ్చింతగా ఉన్నాను. అంత ఎండలోనూ కిటికీ కింద మల్లెపాదు పచ్చగా ఉంటే మురిసిపోయాను కూడా.

నాలుగో రోజు అమ్మ నన్ను మా నాన్న పేరుతో పిలిచింది. పెద్దతనం కదా అనుకున్నాను. అక్కడే తప్పు చేశాను. ఆ సాయంత్రం లేపితే లేవలేదు. ఒంట్లో నీరు లేదు, సోడియం పడిపోయిందన్నారు డాక్టరు. బీపీకి వేసుకునే మాత్ర మూత్రం ఎక్కువగా పోయేలా చేసేది. ఆ వయసులో దాహం కూడా సరిగా తెలియదట.

కోలుకున్నాక అడిగాను, నీళ్లెందుకు తాగలేదమ్మా అని. చాలాసేపు గోడవైపు చూసి, "మాటిమాటికీ నిన్ను లేపి బాత్‌రూమ్‌కి తీసుకెళ్లమనడానికి సిగ్గేసిందిరా" అంది. నీళ్లన్నీ కిటికీలోంచి మల్లెపాదులో పోసేసేది. కొడుకుని గదా నేను, ఆ మాట నాకెలా చెబుతుంది? నేనైనా అడిగుండాల్సింది.

అందుకే చెబుతున్నా, నీళ్లు పక్కన పెట్టి వెళ్లిపోకు. గంటన్నరకోసారి అరగ్లాసు నీ చేత్తో ఇచ్చి, తాగేదాకా కూర్చో. నీళ్లు వద్దంటే పల్చటి మజ్జిగో, ముంజలో ఇవ్వు. చిన్నక్కకి గుండె జబ్బుంది కాబట్టి రోజుకి ఎంత తాగొచ్చో, అమ్మమ్మ వేసుకున్నలాంటి మాత్ర తనూ వాడుతుంటే ఈ ఎండల్లో దాన్ని ఎలా వాడాలో ముందే డాక్టర్ని అడుగు. నీ అంతట నువ్వు ఆపెయ్యకు. మంచం పక్కన కమోడ్ కుర్చీ వెయ్యి. పొద్దునా రాత్రీ ఒక ఆడమనిషిని పెట్టుకో. డబ్బు దగ్గర చూడకు, నేను పంపుతాను. నీవల్ల కాక కాదురా, స్నానం దగ్గర వాళ్లు ఇబ్బంది పడకూడదని.

పెద్దక్క ఏకాదశికి మంచినీళ్లు కూడా ముట్టదు. నువ్వు వాదించకు, నాకు ఫోన్ ఇవ్వు. నా మాట కాదనదు.

ఆవకాయ మాత్రం పెట్టనీ. ముక్కలు బజార్లోనే కొట్టించుకురా, పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఇద్దరికీ మధ్యలో బేసిన్ పెట్టు. ఉప్పు ఎక్కువైందనీ తక్కువైందనీ పోట్లాడుకుంటారు, పోట్లాడుకోనీ. చిన్నప్పుడు వాళ్లు కలుపుతుంటే ఆ బేసిన్‌లో మిగిలిన గుండలో వేడన్నం వేసి నాకు ముద్దలు పెట్టేవాళ్లు.

ఈ మోకాళ్లతో నేను రాలేను. రోజూ నాలుగింటికి ఫోన్ చేస్తాను. బాగున్నారు మావయ్యా అని పెట్టెయ్యకు. ఎన్ని గ్లాసులు తాగారో, ఎన్నిసార్లు బాత్‌రూమ్‌కి వెళ్లారో చెప్పు.

మీ మావయ్య