రోమన్ లిపిలో ‘కృష్ణ’ అని వెతికితే సగం చోట్లే ఎందుకు దొరుకుతుంది?

నలుగురు వర్డ్‌లో టైప్ చేసిన పదకోశాన్ని (తెలుగు మాటలు, వాటి రోమన్ లిపి రూపాలు) డేటాబేస్‌లోకి ఎక్కించినవాళ్లు ఈ ప్రశ్న అడిగారు. వెతికితే సగమే దొరుకుతోంది, ప్రింటులో ఋకారం కింది వలయం పక్కకు జరుగుతోంది అన్నారు. దీని వెనక ఒకటి కాదు, మూడు కారణాలున్నాయి.

మొదటిది రోమన్‌లో రాసే రెండు పద్ధతులు కలిసిపోవడం. మన లిపులను రోమన్‌లో రాయడానికి ఉన్న అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15919 ప్రకారం ఋకారానికి ఇంగ్లిష్ ‘ఆర్’ కింద చిన్న వలయం (యూనికోడ్‌లో దాని కోడు 0325) పెట్టాలి. సంస్కృతం వాళ్లు వాడే ఐఏఎస్‌టీ అనే పద్ధతిలో అక్కడ చుక్క ఉంటుంది. చిన్న సైజులో రెండూ ఒకేలా కనిపిస్తాయి గానీ కంప్యూటరుకు అవి వేర్వేరు. ఒకే అక్షరానికి ఉన్న వేర్వేరు కోడు రూపాలను ఒక్క రూపానికి తెచ్చే పనిని నార్మలైజేషన్ అంటారు; అది ఏ రకమైనా వీటిని ఒకటి చేయదు, మీరే మార్చాలి. పదాలన్నీ తెలుగువైతే ‘ఆర్’ కింది చుక్కలన్నిటినీ ఒకేసారి వలయాలు చేసేయొచ్చు. హిందీ మాటలుంటే మాత్రం ఆగండి: ఐఎస్ఓలో చుక్క ఉన్న ‘ఆర్’ని ‘సడక్’లోని డకారానికి కేటాయించారు.

రెండోది కోడు తేడా. పైన దీర్ఘం గీత ఉన్న ఇంగ్లిష్ ‘ఏ’ 0101 అనే ఒక్క కోడు కావచ్చు, లేదా మామూలు ‘ఏ’ తర్వాత విడిగా గీత కోడు 0304 కావచ్చు. ‘ష’, ‘ణ’లకు రాసే చుక్క అక్షరాలూ అంతే. వర్డ్‌లో అక్షరం తర్వాత కర్సర్ పెట్టి ఆల్ట్-ఎక్స్ నొక్కితే ఏ రకమో బయటపడుతుంది; చూశాక కంట్రోల్-జెడ్ కొట్టండి. ఫైలును యూటీఎఫ్-8 టెక్స్ట్‌గా సేవ్ చేసి, పైథాన్ యూనికోడ్‌డేటా మాడ్యూల్‌తో అంతా ఎన్‌ఎఫ్‌సీకి (అక్షరాన్నీ గుర్తునూ వీలైనచోట ఒకే కోడుగా కలిపే నార్మలైజేషన్ రూపం) మార్చండి. వెతికే మాటనూ మార్చాలి, చాలామంది మరిచేది ఇదే. వలయం ఉన్న ‘ఆర్’కు కలిపిన రూపం యూనికోడ్‌లో లేదు, ఎన్‌ఎఫ్‌సీ తర్వాతా అది రెండు కోడులే.

ఇకముందు టైప్ చేసేటప్పుడు గుర్తు ఎప్పుడూ అక్షరం తర్వాతే: ‘ఆర్’, 0325, ఆల్ట్-ఎక్స్. ‘ఏ’తో ఇలా చేస్తే బెడిసికొడుతుంది. ఈ కోడులు రాసే హెక్సా (పదహారు అంకెల) పద్ధతిలో ‘ఏ’ కూడా అంకే కాబట్టి వర్డ్ దాన్నీ కోడులో కలిపేసుకుంటుంది. అప్పుడు నాలుగంకెలే సెలెక్ట్ చేసి నొక్కండి. ౠకారానికి వలయం కింద, గీత పైన. ఏది ముందు కొట్టినా నార్మలైజేషన్ సరిచేస్తుంది. రెండు గుర్తులూ పైనే ఉంటే వరస మారదు, అక్షరానికి దగ్గరగా ఉండాల్సింది ముందు కొట్టాలి. ఉచ్చారణ కాలమ్‌లో ‘చాప’లోని చకారానికి ‘టీ’, 0361, ‘ఎస్’: రెండక్షరాలను కలిపే కట్టు గుర్తు (0361) రెండక్షరాల మధ్యలో.

మూడోది, వలయం జరగడం, ఫాంట్ సంగతి. మీ ఫాంట్‌లో ఆ గుర్తు లేకపోతే వర్డ్ దాన్ని ఇంకో ఫాంట్ నుంచి తెస్తుంది, అప్పుడు స్థానం కుదరదు. అక్షరాన్నీ గుర్తునూ కలిపి సెలెక్ట్ చేసి ఛారిస్ ఎస్‌ఐఎల్ గానీ జెంటియం గానీ పెట్టండి.

గుర్తులు లేకుండా వెతికే వీలు కల్పించాలనుకుంటే, ఎన్‌ఎఫ్‌డీకి (అక్షరాన్నీ గుర్తునూ విడదీసే రూపం) మార్చి ‘ఎంఎన్’ వర్గం (యూనికోడ్‌లో అక్షరానికి అంటుకునే గుర్తుల వర్గం) గుర్తులన్నీ తీసేయమనే సలహా నెట్లో కనిపిస్తుంది. తెలుగు కాలమ్ మీద దాన్ని అస్సలు నడపకండి. మన గుడి, ఎత్వం, పొల్లు కూడా ఆ వర్గంలోనివే. ‘తెలుగు’ కాస్తా ‘తలుగు’ అవుతుంది, ‘విజయవాడ’ ‘వజయవడ’ అవుతుంది. రోమన్ కాలమ్‌ను ఎన్‌ఎఫ్‌డీకి మార్చాక, 0300 నుంచి మొదలయ్యే 112 గుర్తుల బ్లాకును మాత్రమే తీసేసి, ఫలితాన్ని వేరే కాలమ్‌లో ఉంచండి. అందులో ట, త రెండూ ఒకే ‘టీ’ అయిపోతాయి కాబట్టి చూపించడానికి అసలు కాలమే వాడాలి.