రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారు?

ప్రశ్న: మా అమ్మాయి బైపీసీతో ఇంటర్ పాసైంది. మంచం పట్టిన వృద్ధులను చూసుకునే కర్నూలులోని ఒక నర్సింగ్ హోంలో కేర్‌టేకర్‌గా రాత్రి డ్యూటీకి రమ్మంటున్నారు. ఆసుపత్రుల్లో అగ్ని ప్రమాదాల వార్తలు చూసి భయపడుతున్నాం. పంపవచ్చా? - ఒక తండ్రి, ఆదోని

జవాబు: మీ భయానికి కారణం ఉంది. 2014 మే నెలలో దక్షిణ కొరియాలోని జాంగ్‌సాంగ్‌లో వృద్ధుల ఆసుపత్రికి అర్ధరాత్రి దాటాక నిప్పంటుకున్నప్పుడు, ముప్పై మందికి పైగా రోగులున్న ఆ అంతస్తులో డ్యూటీలో ఉన్నది ఒక్క నర్సింగ్ సహాయకురాలే. మంటలు కొద్ది నిమిషాల్లోనే అదుపులోకి వచ్చినా, లేవలేని రోగులను పొగలోంచి బయటికి మోసే చేతులు లేక ఆమెతో సహా 20 మందికి పైగా చనిపోయారు. 2011 డిసెంబరులో కోల్‌కతా ఆమ్రి ఆసుపత్రిలోనూ బేస్‌మెంట్ నుంచి పైకి పాకిన పొగే 90 మంది దాకా ప్రాణాలు తీసింది.

కాబట్టి జీతం మాట్లాడే ముందు, రాత్రి పది దాటాక మీరే ఒకసారి అక్కడికి వెళ్లి, ఎంతమంది రోగులకు ఎంతమంది మెలకువగా ఉన్నారో లెక్కపెట్టండి. లేవలేని మనిషిని దుప్పటితో సహా ఎత్తి పొగ లేని పక్క వార్డుకు చేర్చాలంటే కనీసం ఇద్దరు కావాలి, లిఫ్టు వాడకూడదు. వెనక మెట్ల తలుపు తాళం ఎవరి దగ్గర ఉంటుందో, ఆక్సిజన్ వాల్వు ఎవరు కట్టేస్తారో, చివరిసారి ఫైర్ డ్రిల్ ఎప్పుడు చేశారో అడగండి. మన జిల్లాలోనే ఒకచోట అత్యవసర మెట్ల దారి నిండా పాత మంచాలు పేర్చి ఉండడం నేను కళ్లారా చూశాను. సరైన సమాధానం దొరకని చోటికి ఎంత జీతమిచ్చినా అమ్మాయిని పంపకండి.

చదువు విషయానికి వస్తే, ఇంట్లో వీలుంటే ఈ ఉద్యోగం కంటే నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్, లేదా మూడేళ్ల జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) మేలని నా అభిప్రాయం. నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ లేకపోతే ఎన్నేళ్ల అనుభవమున్నా కేర్‌టేకర్ స్టాఫ్ నర్సు కాలేదు. ఇప్పుడే సంపాదన తప్పనిసరైతే, ముందుగా జనరల్ డ్యూటీ అసిస్టెంట్ (రోగుల పనుల్లో నర్సులకు సాయపడే సహాయకురాలు) శిక్షణ ఇప్పించండి. రోగిని ఒడుపుగా ఎత్తడం, మంటలార్పే సిలిండర్ పిన్ను లాగి మంట మొదలుపై గురిపెట్టడం తన చేత్తో చేసి నేర్చుకున్నాకే ఆమెను రాత్రి డ్యూటీకి ఒప్పుకోనివ్వండి.