పదహారేళ్లకే ఇంగ్లాండ్ వెళ్లిన ఫుట్‌బాల్ ఆటగాడికి అసలు కష్టం ఎక్కడ?

విదేశాల నుంచి ఇంగ్లాండ్ క్లబ్బులకు వెళ్లే కుర్ర ఆటగాళ్లు అక్కడ కుదురుకోవడానికి అంత అవస్థ ఎందుకు పడతారు, ఒంటిబలం చాలకపోవడమేనా కారణం అని అడిగారు. ఒంటిబలం సంగతి నిజమే గానీ, దానికి మనం ఇవ్వవలసిన దానికన్నా ఎక్కువ ప్రాధాన్యం ఇస్తున్నామని నా అభిప్రాయం. నేను ప్రొఫెషనల్ ఆటగాణ్ని కాను. హైదరాబాదులో కాలేజీ జట్టుకు ఆడి, చదువు కోసం లండన్ వెళ్లిన రెండేళ్లూ ఆదివారాల్లో హ్యాక్నీ మార్షెస్ మైదానాల్లో ఒక చిన్న జట్టుకు మిడ్‌ఫీల్డ్‌లో ఆడాను. ఆ కొద్దిపాటి అనుభవంతోనే ఈ సమాధానం రాస్తున్నాను.

మొదటి మ్యాచ్‌లో బంతి నా కాలి దగ్గరకు వస్తుండగా మా జట్టువాడే ఒకడు "మ్యాన్ ఆన్" అని అరిచాడు. చిన్నప్పటి నుంచి ఇంగ్లీషు మీడియంలో చదివినవాణ్నే అయినా, ఆ అరుపుకు "నీ వీపు మీదికి మనిషి వస్తున్నాడు, బంతి వదిలెయ్" అని అర్థమని నాకు తెలియదు. బంతి తనకివ్వమంటున్నాడేమో అనుకుని తల తిప్పేలోపే ఎవరి భుజమో వీపుకు తగిలి బురదలో బోర్లా పడ్డాను. మా కాలేజీ మైదానంలోనైతే అది ఖాయంగా ఫౌల్. ఇక్కడ రిఫరీ నా వైపు చూడనైనా లేదు. గట్టినేల కోసం కొన్న, అడుగున పొట్టి రబ్బరు ముళ్లు (స్టడ్లు) ఉన్న నా బూట్లు ఆ తడి గడ్డిలో పట్టు ఇవ్వకపోవడంతో మరుసటి వారమే వాటిని మార్చుకున్నాను. చెవి అలవాటు పడటానికి మాత్రం నాలుగు నెలలు పట్టింది. "టర్న్" అంటే వెనక ఎవరూ లేరు, తిరగవచ్చు; "టైమ్" అంటే తొందర పడనక్కరలేదు. మాటకు అర్థం తెలియడం ఒక ఎత్తు, అది చెవిన పడీ పడకముందే కాలు కదలడం మరో ఎత్తు.

ఇప్పుడు స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ సెస్క్ ఫాబ్రెగాస్ సంగతి చూడండి. బార్సిలోనా వారి లా మాసియా అకాడమీలో మెస్సీ, పికేలతో కలిసి పెరిగిన ఈ కుర్రవాడు 2003 సెప్టెంబరులో పదహారేళ్లకే లండన్ క్లబ్బు ఆర్సెనల్‌లో చేరాడు. అక్టోబరు 28న లీగ్ కప్పులో (ఇది లీగ్‌కు వేరుగా జరిగే నాకౌట్ పోటీ) రోథర్‌హామ్ జట్టు మీద ఆడి, 16 ఏళ్ల 177 రోజుల వయసులో, అప్పటికి ఆ క్లబ్బు మొదటి జట్టులో ఆడినవారందరిలోకీ చిన్నవాడయ్యాడు. అయితే ఆర్సెనల్ 38 లీగ్ మ్యాచ్‌లలో ఒక్కటీ ఓడని ఆ సీజన్‌లో అతను లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. కోచ్ ఆర్సెన్ వెంగర్ అతనికి కప్పు పోటీల్లో మాత్రమే అవకాశమిచ్చి, లీగ్‌లోకి మరుసటి ఏడు తీసుకువచ్చాడు. కుదురుకోవడానికి సమయం దొరికింది గనక, అతని విషయంలో జరిగిన అన్నిటికన్నా మంచి పని ఇదేనంటాను.

రెండో మేలు ఇంటి వైపు నుంచి జరిగింది. క్లబ్బు అతన్ని ఒక ఇంటావిడ దగ్గర బసకు పెట్టింది; స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన ఫిలిప్ సెండెరోస్ కూడా అదే ఇంట్లో ఉండేవాడు, పైగా అతనికి స్పానిష్ వచ్చు. మొదట్లో దిగులుపడ్డ ఫాబ్రెగాస్ కుదురుకోవడానికి ఆ స్నేహం తోడ్పడింది. దీని విలువ నాకు బాగా తెలుసు, ఎందుకంటే నేనూ ఒక పెద్దావిడ ఇంట్లోనే గది అద్దెకు తీసుకున్నాను. ఆవిడ సాయంత్రం ఆరింటికల్లా భోజనం ముగించి వంటగది దీపం ఆర్పేసేవారు. తొమ్మిదింటికి తినే అలవాటున్న నేను చీకట్లో తడుముకుంటూ చల్లారిన అన్నం తినేవాణ్ని. డిసెంబరులో నాలుగు గంటలకే పొద్దుగుంకే ఆ ఊళ్లో, వచ్చీరాని భాషతో, ప్రాక్టీసు మధ్యాహ్నానికే ముగిశాక పదహారేళ్ల పిల్లవాడు ఒంటరిగా ఏం చేస్తాడు? దానికి తోడు స్పెయిన్‌లో క్రిస్మస్‌కు లీగ్ ఆగుతుంది, ఇంగ్లాండ్‌లో సరిగ్గా ఆ వారమే మ్యాచ్‌లు ఒకదాని వెంట ఒకటి పడతాయి. ఇంటికి వెళ్లాలనిపించే రోజుల్లోనే వెళ్లడం కుదరదన్నమాట.

అదే అకాడమీ నుంచి 2004లో మాంచెస్టర్ యునైటెడ్‌కు వెళ్లిన పికే 2008లో తిరిగి బార్సిలోనా చేరి, మరుసటి ఏడు రోమ్‌లో జరిగిన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్లో ఆ యునైటెడ్ మీదే గెలిచాడు. అతను అక్కడ కుదురుకోలేకపోయాడని తేల్చేయడం నాకు సబబుగా తోచదు. అతను ఆడే డిఫెన్స్ స్థానంలో ఫెర్డినాండ్, విదిచ్ లాంటి పేరున్న ఆటగాళ్లు ఆడుతున్న రోజులవి.

ఒక్క సంగతి గమనించండి. బ్రెక్సిట్ తరువాత, 2021 నుంచి, ఇంగ్లాండ్ క్లబ్బులు సాధారణంగా 18 ఏళ్లు నిండని విదేశీ ఆటగాణ్ని తీసుకోవడానికి వీల్లేదు. కాబట్టి ఫాబ్రెగాస్ లాంటి కుర్రవాడు ఇప్పుడు రెండేళ్లు ఆలస్యంగా, కాస్త కండ పట్టిన తరువాత వస్తాడు. "మ్యాన్ ఆన్" అనే అరుపు మాత్రం అతనికి అప్పుడూ కొత్తే.