చెప్పు జారినా తెలియడం లేదా? ముందు వెన్నుపాము సంగతి చూడండి

ప్రశ్న: మా నాన్నకు 68 ఏళ్లు. కనిగిరి దగ్గర పల్లెలో పుట్టి, 50 ఏళ్లు వచ్చేదాకా అక్కడే వ్యవసాయం చేశారు. అప్పటి నుంచి హైదరాబాద్‌లో మా దగ్గరే ఉంటున్నారు. నడుము, మెడ పట్టేశాయి. పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాలి. ఈమధ్య కాలి చెప్పు జారిపోయినా తెలియడం లేదు. బీపీ ఉంది. నొప్పి మాత్రలతో నెట్టుకొస్తున్నారు. సిటీ వాతావరణం పడలేదని, ఊరెళ్తే తగ్గుతుందని అంటున్నారు. పంపమంటారా?
– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఊరి ప్రయాణం కాస్త ఆపండి. మీరు మధ్యలో ఒక్క ముక్కలో రాసి వదిలేసిన చెప్పు సంగతే నాకు టెన్షన్‌గా ఉంది. వెన్నుపాము నొక్కుకుపోతుంటే అలా జరగొచ్చు. షుగర్, బి12 లోపం వల్లా రావచ్చు. మనిషిని చూడకుండా తేల్చలేను. చొక్కా గుండీలు పెట్టుకోగలుగుతున్నారా, చీకట్లో తూలుతున్నారా అడగండి. ఏమీ లేవన్నా సరే, ఈ వారంలోనే న్యూరాలజిస్టుకు చూపించండి. కాళ్లలో పట్టు తగ్గినా, మూత్రం ఆగిపోయినా అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. మెడ పట్టేసిందని సెలూన్‌లో విరిపించడం మాత్రం వద్దే వద్దు.

వాతావరణం కంటే నాకు తాగిన నీళ్ల మీదే అనుమానం. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతంలో ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ల వల్ల వచ్చే జబ్బు) ఉందని 1937లోనే వైద్యులు రాశారు. అప్పట్లో అవి నెల్లూరు జిల్లాలోవి. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే అది ఎముకల్లో పేరుకుంటుంది, కీళ్ల చుట్టూ ఎముకలను పట్టి ఉంచే లిగమెంట్లు గట్టిపడతాయి, వెన్నుపాము ఉండే దారి ఇరుకవుతుంది. నీళ్లు మారినంత మాత్రాన పేరుకున్నది త్వరగా పోదు. పళ్ల మీద గోధుమరంగు చారలున్నాయా చూడండి. అవి చిన్నతనంలో, పళ్లు తయారయ్యే వయసులో తాగిన నీటి వల్ల వస్తాయి. పెద్దయ్యాక కోడలిగా ఆ ఊరొచ్చిన ఆడవాళ్లకు పళ్లు శుభ్రంగానే ఉండి నడుము పట్టేయవచ్చు. కాబట్టి చారలు లేవని ధీమా వద్దు.

ఇక నొప్పి మాత్రలు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ లాంటివి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి మింగితే కిడ్నీలు దెబ్బతినొచ్చు. బీపీ మందులు కొన్నింటితో కలిస్తే ముప్పు ఇంకా ఎక్కువ. ఒంట్లో చేరిన ఫ్లోరైడ్ ఎక్కువగా మూత్రంలోనే బయటికి పోవాలి. కిడ్నీ మందగిస్తే అదీ లోపలే నిలిచిపోతుంది. నొప్పి తగ్గిందని మీరు సంతోషిస్తారు, జబ్బు మాత్రం ముదురుతుంది. చదువుకున్న పిల్లలు ఇంట్లో ఉండి కూడా ఇదెలా జరగనిచ్చారండీ! పేరు లేని పొట్లాల మందులైతే స్టెరాయిడ్ కలిసి ఉండొచ్చు. అలాంటివి హఠాత్తుగా మానేయకుండా డాక్టర్‌కు చెప్పి ఆపాలి.

క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్ర పరీక్ష, షుగర్, బి12 చేయించండి. ముంజేతికి, వెన్నుకు ఎక్స్‌రే తీయిస్తే ఫ్లోరోసిస్ ఉందో లేదో చాలావరకు తెలుస్తుంది. వెన్నుకు ఎంఆర్ఐ కావాలో లేదో మీ డాక్టర్ చెబుతారు. ఎముక సాంద్రత పరీక్షలో ‘గట్టిగా ఉన్నాయి’ అని వచ్చినా నిశ్చింతగా ఉండకండి. ఫ్లోరోసిస్‌లో అలా కనిపించడం మామూలే.

ఊరికి ఎప్పుడు పంపాలో రిపోర్టులొచ్చాక చూద్దాం. వెళ్లినా బోరు నీళ్లు పరీక్ష చేయించకుండా తాగనివ్వకండి. కాచినంత మాత్రాన ఫ్లోరైడ్ పోదు.