పెద్ద లెన్స్ లేకుండా వన్యప్రాణుల ఫొటోలు తీయవచ్చా?

మీ దగ్గర 24-105 ఎంఎం లెన్స్ ఒక్కటే ఉందని, దాంతో తీస్తే జింకలైనా పక్షులైనా చుక్కల్లా పడుతున్నాయని, అప్పు చేసైనా దూరాన్ని బాగా దగ్గర చేసే 600 ఎంఎం లెన్స్ కొనాలా అని అడిగారు. ఇప్పుడే కొనవద్దు. నేను కొన్నేళ్లుగా పులికాట్ సరస్సు దగ్గర, రోళ్లపాడు గడ్డి మైదానంలో ఎక్కువగా ఇలాంటి లెన్స్‌తోనే తీస్తున్నాను. జంతువు ఎంత చిన్నగా పడినా ఫర్వాలేదు. అదేమిటో చూడగానే తెలియాలి, అంతే.

అలా తెలియడమంతా ఆకారం మీద ఆధారపడి ఉంటుంది. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు పులికాట్ మధ్యలోంచి కట్ట మీదుగా పోతుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో నీళ్లు లోతు తక్కువగా ఉన్నచోట రాజహంసలు, అంటే ఫ్లెమింగోలు, మేస్తుంటాయి. మేసేటప్పుడు తలను తలకిందులుగా నీళ్లలో ముంచి, ముక్కుతో నీటిని వడగట్టుకుంటాయి. అప్పుడు దూరం నుంచి చూస్తే తెల్లటి మూటకి రెండు పుల్లలు గుచ్చినట్టుంటుంది, పక్షి అని ఎవరికీ తట్టదు. మెడ ఎత్తిందంటే మాత్రం ఫ్రేమ్‌లో గోరంత ఉన్నా రాజహంసే. అందుకే గుంపు కనిపించగానే షట్టర్ నొక్కను. రెండు మూడు మెడలు పైకి లేచి, ఒకదానికొకటి అడ్డం రాకుండా విడివిడిగా కనిపించేదాకా ఆగుతాను. ఒక్కోసారి చాలాసేపు పడుతుంది.

నిలబడే ఎత్తు కూడా ముఖ్యం. అక్కడ నేలంతా చదును. కట్ట దిగి నీటి అంచున కూర్చుంటే పక్షి తల పోయి అవతలి గట్టు నల్లగీతలో కలిసిపోతుంది. పెద్ద లెన్స్ వాళ్లు కిందికి వంగి తీయమని చెబుతారు, వాళ్ల ఫొటోకి అది సరైన సలహానే. మనకి ఎత్తు కావాలి. కట్ట మీదే నిలబడితే కాళ్ల నుంచి తల దాకా పక్షి మొత్తం ఖాళీ నీటి మీద పడుతుంది, గట్టు గీత దాని తలకి పైన వేరుగా ఉండిపోతుంది.

రోళ్లపాడులో లెక్క వేరు. నందికొట్కూరు దగ్గరున్న ఈ మైదానాన్ని బట్టమేక పక్షి (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో అభయారణ్యం చేశారు. ఇప్పుడు అక్కడ మనకి దొరికేవి ముఖ్యంగా కృష్ణజింకలు. ఎదిగిన మగదానికి వీపు ముదురు గోధుమ రంగులోనో నల్లగానో, కడుపు తెల్లగా ఉంటుంది కాబట్టి ఎండిన గడ్డిలో ఎంత దూరాన్నుంచైనా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆడదాని రంగు దాదాపు గడ్డి రంగే, చిన్నగా పడితే ఉన్నా లేనట్టే. నేను ముందు చోటు చూసుకుంటాను: గడ్డి, మబ్బు, ఎక్కడో ఒక తుమ్మచెట్టు. ఫ్రేమ్ కుదిరాక, అందులో ఖాళీగా ఉన్న భాగంలోకి మగజింక వచ్చేదాకా ఎదురుచూడటమే. తెల్లవారగానే మొదలుపెట్టండి. ఎండ ముదిరాక నేల నుంచి లేచే సెగకి దూరంగా ఉన్న జింక అంచులు వణుకుతాయి. దానికి ఏ లెన్స్‌లోనూ మందు లేదు.

సెట్టింగ్స్ గురించి టెన్షన్ పడకండి. అపెర్చర్ ఎఫ్8, షట్టర్ వేగం సెకనులో 1/500 వంతు, ఫోకస్ జంతువు మీదే. ఫుల్ ఫ్రేమ్ (36 ఎంఎం వెడల్పు సెన్సర్ ఉన్న) కెమెరాలో 100 ఎంఎం దగ్గర 150 మీటర్ల దూరంలోని జింక మీద ఫోకస్ పెడితే సుమారు 33 మీటర్ల నుంచి దిగంతం దాకా అన్నీ స్పష్టంగానే వస్తాయి. అదే ఫ్రేమ్‌లో 1.2 మీటర్ల పొడవున్న జింక, ఫ్రేమ్ వెడల్పులో 45వ వంతు ఉంటుంది. అడ్డంగా 6000 పిక్సెళ్లుండే 24 మెగాపిక్సెల్ ఫొటోలో అది దాదాపు 133 పిక్సెళ్లు, ప్రింట్ వేస్తే కొమ్ములు కూడా తెలుస్తాయి. అదే ఫొటోని 1080 పిక్సెళ్ల వెడల్పుకి కుదించి ఫోన్‌లో చూస్తే జింకకి మిగిలేది 24. మీకు చుక్కల్లా కనిపిస్తున్నది చాలావరకు అందుకే కావచ్చు. కెమెరా వెనక తెర మీద చూసి డిలీట్ చేయకండి, ఒకటి 12×18 అంగుళాల సైజులో ప్రింట్ తీయించి గోడకి ఆనించి చూడండి.

ఈ తరహా ఫొటో మీద నాకు ఇంత ఇష్టం ఎందుకో కూడా చెప్పాలి. రోళ్లపాడు అభయారణ్యం 614 హెక్టార్లే. జింకలకి ఆ హద్దు తెలియదు, చుట్టుపక్కల చేలలోకి దిగుతాయి, రైతుకి నష్టం. క్లోజప్‌లో అందమైన కొమ్ములు, కళ్లు కనిపిస్తాయి. ఆ జింక ఎంత ఇరుకు చోట బతుకుతోందో కనిపించదు. వెడల్పుగా తీస్తే గడ్డి ఎక్కడ ఆగిందో, చేను ఎక్కడ మొదలైందో అదే ఫ్రేమ్‌లో ఉంటుంది. చేను అడ్డం వచ్చిందని కత్తిరించకండి.

అభయారణ్యంలోకి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి తీసుకోండి, డ్రోన్ జోలికి పోవద్దు. పరుగు బాగుంటుందని బండితో జింకల్ని తరిమేవాళ్లున్నారు. అలాంటి వాళ్లతో వెళ్లకండి. మీ ఊరేదో రాయలేదు. హైదరాబాద్ అయితే కర్నూలు మీదుగా రోళ్లపాడు వెళ్లండి. నెల్లూరు, చెన్నై వైపు అయితే సూళ్లూరుపేటలో రైలు దిగవచ్చు, మొదటిసారికి పులికాటే సులువు.